గొంతులో 1.8 సెంటీమీటర్ల థైరాయిడ్ గడ్డ: తీయించాలా, మాత్ర వాడాలా, ఊరుకోవాలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: నర్సంపేటలో ఉంటున్న మీ అమ్మగారికి 46 ఏళ్లు. ఆరోగ్య పరీక్షల ప్యాకేజీలో భాగంగా మెడకు స్కానింగ్ తీస్తే థైరాయిడ్ కుడి భాగంలో 1.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ 2.8 వచ్చింది. స్కానింగ్ రిపోర్టు చివర ‘టైరాడ్స్ 3’ అని రాసి ఉంది. ఒక వైద్యుడు గడ్డ కరగడానికని రోజూ 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను) మాత్ర మొదలుపెట్టారు. మరొకరు, ఎప్పటికైనా క్యాన్సర్‌గా మారుతుంది కాబట్టి ఇప్పుడే తీయించేయమన్నారు. ఈలోగా బంధువులు క్యాబేజీ, జొన్నరొట్టె మానిపించారు. ఎవరి మాట వినాలని మీ ప్రశ్న.

నేను హనుమకొండలో 28 ఏళ్లుగా శస్త్రచికిత్స నిపుణుడిగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువ మంది మెడ గడ్డలతో వచ్చేవారే. మీరు రాసిన వివరాలన్నీ సరైనవే అయితే నా సమాధానం ఇది: ఆపరేషన్ అవసరం లేదు. సూది పరీక్ష (గడ్డలోంచి సన్నని సూదితో కణాలు తీసి చూడడం) కూడా ప్రస్తుతానికి అవసరం లేదు. ఆ మాత్ర అసలే అవసరం లేదు. ఏడాది తరువాత మెడ స్కానింగ్ మళ్లీ తీయించండి. జొన్నరొట్టె మాత్రం ఈ రాత్రి నుంచే పెట్టవచ్చు.

ఇలా ఎందుకు చెబుతున్నానో కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే కారణం తెలియకపోతే రేపు ఇంకొకరు భయపెట్టినప్పుడు మీరు మళ్లీ మొదటికి వస్తారు.

మన దగ్గర ‘ఆమెకు థైరాయిడ్ ఉన్నది’ అంటారు. థైరాయిడ్ లేని మనిషి ఉండడు. గొంతు ముందు భాగంలో, శ్వాసనాళానికి రెండు పక్కలా రెక్కలు చాచిన సీతాకోకచిలుకలా ఉండే, సుమారు 20 గ్రాముల బరువున్న గ్రంథి అది. దాని పనిలో లోపం రావడం ఒక సమస్య, దానిలో గడ్డ పుట్టడం వేరొక సమస్య. మొదటిదాన్ని రక్తపరీక్ష చెబుతుంది, రెండోదాన్ని స్కానింగ్ చెబుతుంది. ఈ రెండింటినీ కలగలిపి ‘థైరాయిడ్’ అనే ఒకే మాట కింద పెట్టడం వల్లనే, నా అనుభవంలో, సగం అనవసరపు మాత్రలూ సగం ఆలస్యాలూ జరుగుతున్నాయి.

ఆలస్యం ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. భూపాలపల్లి నుంచి 34 ఏళ్ల యువకుడు వచ్చాడు. మెడలో గడ్డ ఉందని రెండేళ్ల కిందటే తెలుసు. టీఎస్‌హెచ్ పరీక్ష మూడుసార్లు చేయించుకున్నాడు, మూడుసార్లూ మామూలుగానే వచ్చింది, ‘థైరాయిడ్ నార్మల్’ అన్నారు, అతడు నిశ్చింతగా ఉన్నాడు. స్కానింగ్ మాత్రం ఎవరూ రాయలేదు. నేను తీయించిన స్కానింగ్‌లో ఆ గడ్డ 1.2 సెంటీమీటర్లే, అంటే మీ అమ్మగారి గడ్డకన్నా చిన్నది, కానీ అంచులు చెదిరి, లోపల ఇసుక రేణువుల్లాంటి సున్నపు చుక్కలతో ఉంది, పక్కనే మెడలో ఒక లింఫ్ గ్రంథి కూడా ఉబ్బి ఉంది. అది పాపిల్లరీ క్యాన్సర్, థైరాయిడ్ క్యాన్సర్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం. ఆపరేషన్ జరిగింది, ఆ తరువాత హైదరాబాద్‌లో రేడియోధార్మిక అయోడిన్ కూడా ఇచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారిలో చాలామందికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది, కాబట్టి రక్తపరీక్ష బాగుంది గనుక గడ్డ మంచిదే అనుకోవడానికి వీల్లేదు. గడ్డ ఉంది గనుక మాత్ర వేసుకోవాలనుకోవడానికీ వీల్లేదు.

అయినా గడ్డ ఉన్న ప్రతి ఒక్కరికీ టీఎస్‌హెచ్ మొదట చేయించవలసిందే. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే టీఎస్‌హెచ్ తగ్గుతుంది, కాబట్టి అది బాగా తగ్గి ఉంటే, గడ్డే హద్దు మీరి హార్మోను తయారుచేస్తూ ఉండవచ్చు. కాజీపేట నుంచి వచ్చిన 61 ఏళ్ల పెద్దాయన బరువు తగ్గుతున్నాడని, గుండె దడదడలాడుతోందని ఆరు నెలలు షుగరుకూ గుండెకూ పరీక్షలు చేయించుకుంటూ తిరిగారు. చివరికి టీఎస్‌హెచ్ చూస్తే 0.01 కన్నా తక్కువ. అలాంటివారికి న్యూక్లియర్ స్కానింగ్ (స్వల్ప రేడియోధార్మిక మందు ఇచ్చి తీసేది) తీస్తే గడ్డ ఒక్కటే వెలుగుతూ కనిపిస్తుంది. దాన్ని ‘హాట్ నాడ్యూల్’ అంటాము. అది క్యాన్సర్ కావడం చాలా అరుదు. మీ అమ్మగారి టీఎస్‌హెచ్ 2.8, సాధారణ పరిధి సుమారు 0.4 నుంచి 4 వరకు, కాబట్టి ఈ విషయం ఇక్కడితో వదిలేయవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. గడ్డలు ఎంత సామాన్యమో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. చేతితో తడిమితే వందమందిలో నలుగురైదుగురికి దొరుకుతాయి. అదే స్కానింగ్ యంత్రంతో చూస్తే, వయసు పైబడిన స్త్రీలలో దాదాపు సగం మంది దాకా ఏదో ఒక గడ్డ కనిపిస్తుంది. పరీక్షించి చూసిన గడ్డల్లో క్యాన్సర్ అని తేలేవి వందకు 5 నుంచి 15 మాత్రమే. మంచి గడ్డ కాలక్రమంలో చెడ్డదిగా మారుతుందన్న మాట మీకు ఒకరు చెప్పారని రాశారు. మొదటి నుంచీ క్యాన్సర్ అయినది క్యాన్సర్‌గా ఉంటుంది, కానిది సాధారణంగా కానిదిగానే ఉండిపోతుంది. మనం స్కానింగ్‌ను ఏడాదికి మళ్లీ తీసేది గడ్డ మారుతుందని కాదు, మొదటిసారి మన కన్ను పొరబడిందేమో చూసుకోవడానికి.

రిపోర్టులోని ఆ ‘టైరాడ్స్ 3’ అన్న మాటే మీకు అన్నిటికన్నా ముఖ్యం. చాలామంది సెంటీమీటర్ల అంకె చూసి బెదిరిపోతారు, దాని పక్కనున్న ఈ వర్గాన్ని చదవరు. స్కానింగ్‌లో రేడియాలజిస్టు గడ్డలో ఐదు విషయాలు చూసి మార్కులు వేస్తారు: లోపల గట్టిగా ఉందా, నీరుందా, చుట్టూ ఉన్న గ్రంథితో పోలిస్తే నల్లగా ఉందా, తెల్లగా ఉందా, అడ్డంగా పరుచుకుందా, నిలువుగా నిలబడిందా, అంచులు నున్నగా ఉన్నాయా, చెదిరాయా, లోపల తెల్లని చుక్కలున్నాయా. మీ అమ్మగారి రిపోర్టులో గట్టి గడ్డ అని ఉంది, దానికి రెండు మార్కులు. రంగు గ్రంథితో సమానంగా ఉంది, దానికి ఒకటి. అడ్డంగానే ఉంది, అంచులు నున్నగా ఉన్నాయి, చుక్కలు లేవు, వాటికి సున్నా. మొత్తం మూడు మార్కులు, అందుకే మూడో వర్గం. ఇలాంటివాటిలో క్యాన్సర్ వందకు ఐదు దాకా మాత్రమే ఉంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ అనే రేడియాలజిస్టుల సంస్థ 2017లో ఇచ్చిన కొలతల ప్రకారం మూడో వర్గం గడ్డ 2.5 సెంటీమీటర్లు దాటితేనే సూది పరీక్ష, 1.5 దాటితే కనిపెట్టి ఉండడం. నాలుగో వర్గానికి సూది హద్దు 1.5, ఐదో వర్గానికి 1 సెంటీమీటరు. భూపాలపల్లి యువకుడి గడ్డ చిన్నదైనా మేము సూది ఎందుకు పెట్టామో, మీ అమ్మగారి గడ్డ పెద్దదైనా ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ మార్కులు వేసిన కన్ను ఎంత అనుభవం గలదో నాకు తెలియదు. నాకు అనుమానం వచ్చినప్పుడు మెడ స్కానింగ్‌లు ఎక్కువగా చేసే మరో రేడియాలజిస్టు దగ్గరికి పంపుతాను. వారు చెప్పిన వర్గం మారిపోయిన సందర్భాలు, పైకీ కిందికీ, నేను చూశాను. మీ రిపోర్టులో మెడ లింఫ్ గ్రంథుల గురించి ఒక్క వాక్యమైనా ఉందో లేదో చూడండి. లేకపోతే వాటిని కూడా చూసి రాయమని అడగండి. గడ్డను కొలిచి, లింఫ్ గ్రంథుల ప్రస్తావన లేకుండా ముగించిన రిపోర్టు నా దృష్టిలో సగం రిపోర్టే.

సూది పరీక్ష మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు అవసరం లేకపోయినా, దాని గురించిన ఒక అపోహ తీర్చుకోండి. ‘సార్, సూది పెడితే గడ్డ రేగుతదట గదా?’ అని ములుగు నుంచి జనగామ దాకా అందరూ అడుగుతారు. ఇందులో వాడే సూది రక్తం తీసే సూదికన్నా సన్ననిది, స్కానింగ్‌లో చూస్తూ రెండు మూడుసార్లు గుచ్చి కొన్ని కణాలు తీస్తారు, కుట్లుండవు, అరగంటలో ఇంటికి వెళ్లవచ్చు. సూది దారిలో క్యాన్సర్ కణాలు పాకడమనేది వైద్య సాహిత్యంలో వెతికి పట్టుకోవలసినంత అరుదు. రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే ముందుగా చెప్పాలి, అంతే. ఫలితాన్ని ‘బెథెస్డా’ పద్ధతిలో ఒకటి నుంచి ఆరు వరకు చెబుతారు. రెండు అంటే క్యాన్సర్ కాదు, ఆరు అంటే క్యాన్సర్. ఒకటి అంటే సరిపడా కణాలు రాలేదని, పరీక్ష మళ్లీ చేయాలని. ఒకటి వచ్చిన కాగితం చూసి ‘మొదటి స్టేజి’ అనుకుని ఏడ్చిన కుటుంబాన్ని నేను కూర్చోబెట్టి సముదాయించవలసి వచ్చింది. మూడు, నాలుగు వర్గాలు నిజంగానే తికమకవి, వాటిని బట్టి ఏం చేయాలన్నది మనిషిని చూసి నిర్ణయించవలసినదే.

ఇక మాత్ర. థైరాక్సిన్ ఇచ్చి టీఎస్‌హెచ్‌ను అణచివేస్తే గడ్డ కరుగుతుందని నేను చదువుకున్న రోజుల్లో నిజంగానే నమ్మేవారు, నేను కూడా రాసేవాణ్ణి. అయోడిన్ ఉప్పు తినే మనుషుల్లో దాని వల్ల గడ్డలు చెప్పుకోదగినంత తగ్గవని, తగ్గినా మాత్ర ఆపగానే మళ్లీ పెరుగుతాయని తరువాత తేలింది. పైగా హార్మోను ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ముఖ్యంగా నెలసరి ఆగిన స్త్రీలలో ఎముకలు గుల్లబారుతాయి. టీఎస్‌హెచ్ పెరిగి ఉన్నవారికి అది అవసరమైన మందు, వారు ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. మీ అమ్మగారి 2.8 అన్న పరీక్ష మాత్ర మొదలుపెట్టక ముందుదేనని మీరు రాశారు, అంటే ఆమె గ్రంథి తన పని తాను చేసుకుంటోంది. రాసిన వైద్యుణ్ణిగానీ మరో ఫిజీషియన్‌నుగానీ కలిసి మాత్ర ఆపించండి, ఆపిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ ఒకసారి చూపించండి.

ఆపరేషన్ గురించి నేను జాగ్రత్తగా మాట్లాడటానికి ఒక కారణముంది. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏట, రెండు సెంటీమీటర్ల గడ్డ ఉన్న ఒకామెకు, సూది పరీక్షలో క్యాన్సర్ కాదని వచ్చినా, కుటుంబం భయపడుతోందని నేను సగం గ్రంథి తీశాను. గాయం చక్కగా మానింది, బయాప్సీ కూడా మంచిదే వచ్చింది. రెండు నెలల తరువాత ఆమె వచ్చి, మాట బాగానే ఉంది గాని పాట రావడం లేదన్నది. వాడలో బతుకమ్మ చుట్టూ పాట ఎత్తుకునేది ఆమేనట, పై గొంతు అందక ఆ ఏడు కోరస్‌లో కలిసిందట. థైరాయిడ్ పై కొసను ఆనుకుని వెళ్లే సన్నని నరం ఒకటి ఉంటుంది, గొంతును పై స్థాయికి లాగేది అదే. దానిని నేను కాపాడలేకపోయాను. ఆ ఆపరేషన్ అవసరమై చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

నైపుణ్యం ఉన్న చేతుల్లో ఇది సురక్షితమైన ఆపరేషనే. అయినా గొంతు నరాలకు దెబ్బ తగలవచ్చు. గ్రంథి వెనక బియ్యపు గింజలంత ఉండే నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతింటే కాల్షియం పడిపోయి వేళ్లూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి. గ్రంథి మొత్తం తీస్తే జీవితాంతం మాత్ర తప్పదు, సగమే తీసినా సుమారు ఐదుగురిలో ఒకరికి మాత్ర అవసరమవుతుంది. కాబట్టి సూది పరీక్షలో ఐదు లేదా ఆరు వచ్చినప్పుడు, గడ్డ మింగడానికీ ఊపిరికీ అడ్డుపడుతున్నప్పుడు, నాలుగు సెంటీమీటర్లు దాటి పెరుగుతున్నప్పుడు, లేదా హార్మోను ఎక్కువ చేసే గడ్డకు వేరే మార్గం కుదరనప్పుడు నేను కత్తి పడతాను. అలాంటి అవసరం ఎప్పుడైనా వస్తే ఏడాదికి థైరాయిడ్ ఆపరేషన్లు ఎక్కువగా చేసే సర్జన్‌నే వెతుక్కోండి, ముందుగా స్వరపేటికను పరీక్ష చేయించండి, ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి ఆరోగ్యశ్రీ వర్తిస్తుందో లేదో అడగండి.

నీటి గడ్డల కథ వేరు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒకామె తెల్లవారేసరికి నిమ్మకాయంత వాపుతో, నొప్పితో, ఇది క్యాన్సరేనని రూఢి చేసుకుని వచ్చింది. రాత్రికి రాత్రి నొప్పితో ఉబ్బినది చాలాసార్లు పాత నీటి గడ్డలోకి రక్తం చిమ్మడమే. సూదితో ముదురు రంగు ద్రవం తీసేశాను, వాపు దిగింది, ఆమె మరుసటి వారం మగ్గం మీద కూర్చుంది. అవి మళ్లీ నిండుతూనే ఉంటే అప్పుడు ఆలోచిస్తాము.

ఇంత చెప్పాక, మీ అమ్మగారికి ఏ బాధా లేకుండా ప్యాకేజీలో మెడ స్కానింగ్ ఎందుకు తీశారన్నది నా ఫిర్యాదు. దక్షిణ కొరియాలో ఇలాగే ఆరోగ్య పరీక్షలకు వచ్చిన చాలామందికి మెడ స్కానింగ్ చేయడం మొదలుపెడితే, 2011 నాటికి అక్కడ నమోదైన థైరాయిడ్ క్యాన్సర్లు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం మారలేదు. అంటే కనిపెట్టినవాటిలో అత్యధికం ఆ మనుషులను ఎన్నటికీ ఏమీ చేయనివి. జపాన్‌లోని కోబెలో కుమా ఆసుపత్రి 1993 నుంచే సెంటీమీటరులోపు పాపిల్లరీ క్యాన్సర్లను, క్యాన్సరని తెలిసి కూడా, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూస్తోంది. పదేళ్లలో 3 మిల్లీమీటర్లకు మించి పెరిగినవి వందకు ఎనిమిది మాత్రమే. నా అభిప్రాయంలో బాధ లేనివారికి మెడ స్కానింగ్ అక్కరలేదు. చిన్నతనంలో మెడకు రేడియేషన్ చికిత్స పొందినవారు, దగ్గరి రక్తసంబంధీకులలో థైరాయిడ్ క్యాన్సర్, ముఖ్యంగా కుటుంబాల్లో వచ్చే అవకాశమున్న మెడుల్లరీ రకం, ఉన్నవారు దీనికి మినహాయింపు. మీ ఇంట్లో అలాంటి చరిత్ర ఉంటే నేను పైన చెప్పిన సలహా మారుతుంది, తప్పక రాయండి.

తిండి విషయానికి వస్తే, క్యాబేజీ, గోబీ, ముల్లంగి వంటివాటిలో అయోడిన్‌కు అడ్డుపడే పదార్థాలు ఉన్నమాట నిజమే, కానీ ఉడికిస్తే చాలావరకు తగ్గుతాయి, మనం తినే మోతాదులో, అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, వాటివల్ల ఏమీ కాదు. సజ్జలే ముఖ్యాహారమై, అయోడిన్ దొరకని ప్రాంతాలలో గొంతు వాపులు ఎక్కువని ఆఫ్రికాలో గమనించారు. వారానికి రెండుసార్లు తినే సజ్జరొట్టెకు అది వర్తించదు. జొన్నరొట్టెను ఇందులోకి లాగిన బంధువు ఎవరో నాకు తెలియదు గాని, దానికీ ఈ గడ్డకూ సంబంధం లేదు. థైరాక్సిన్ అవసరమై వాడేవారు మాత్రం దాన్ని పరగడుపున నీళ్లతో వేసుకుని, చాయ్ తాగడానికి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడేవారు రక్తపరీక్షకు కనీసం రెండు రోజుల ముందు వాటిని ఆపాలి, లేకపోతే అంకెలు తప్పుగా రావచ్చు.

ఉప్పు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే థైరాయిడ్ ఆరోగ్యానికి ఇంట్లో మనం నిజంగా చేయగలిగినది అదొక్కటే. 1956లో మొదలుపెట్టి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి బృందం కొందరికి అయోడిన్ కలిపిన ఉప్పు, కొందరికి మామూలు ఉప్పు ఇచ్చి గలగండం (అయోడిన్ లోపంతో వచ్చే గొంతు వాపు) ఎలా తగ్గుతుందో చూపింది. శ్రీకాకుళంలో పుట్టిన తెలుగువాడు ఆయన. 1962లో జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణులకు 250 కావాలి. మనకు చేరే ఉప్పులో కిలోకు కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలన్నది నియమం. పచ్చళ్లకు దొడ్డుప్పు వాడుకోండి, తప్పులేదు, కానీ రోజువారీ కూరల్లోకి అయోడిన్ ఉప్పే వాడండి, మూతపెట్టిన డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచండి, వీలైతే కూర దించే ముందు వేయండి. ఈ మధ్య ఖరీదైన గులాబీ రంగు ఉప్పు ఆరోగ్యానికి మంచిదని తెచ్చుకుంటున్నారు, అయోడిన్ కలిపినట్లు ప్యాకెట్ మీద రాసి లేకపోతే దాన్ని నమ్ముకోకండి. అలాగని అయోడిన్ మాత్రలు, సముద్రపు నాచు పొడులు కొనుక్కోవద్దు. గడ్డలున్న గ్రంథికి ఒక్కసారిగా ఎక్కువ అయోడిన్ అందితే హార్మోను అదుపు తప్పవచ్చు.

వచ్చే ఏడాది స్కానింగ్‌కు వెళ్లేటప్పుడు ఈ రిపోర్టును, ఫిలింలను వెంట తీసుకెళ్లండి, వీలైతే అదే కేంద్రానికి వెళ్లండి. పొడవు, వెడల్పు, లోతు మూడూ రాయించుకోండి. 1.8 కాస్తా 1.9 అయిందని కంగారు పడవద్దు, చేయి మారితే ఆ మాత్రం తేడా వస్తుంది. కనీసం రెండు కొలతల్లో ఐదో వంతు, అదీ 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరిగితేనే పెరిగినట్టు. అలా పెరిగి 2.5 దాటినా, లేదా వర్గం నాలుగుకో ఐదుకో మారినా సూది పరీక్ష చేయిస్తాము. ఏమీ మారకపోతే ఆ తరువాతి స్కానింగ్ మూడో ఏట, ఆ పైన ఐదో ఏట. ఐదేళ్లూ నిలకడగా ఉంటే ఇక తీయించనక్కరలేదు.

అయితే గొంతు మూడు వారాలకు మించి బొంగురుగా ఉన్నా, గడ్డ వారాల్లోనే కంటికి తెలిసేలా పెరిగినా, మెడ పక్కన మరో గడ్డ తగిలినా, అన్నం మింగేటప్పుడు గానీ వెల్లకిలా పడుకున్నప్పుడు గానీ ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఏడాది ఆగకండి. ఆ వారమే చూపించండి.